శేషుడు వేరు, తక్షకుడు వేరు

ఇంగ్లీషు బొమ్మల పుస్తకములు చూచు మన పిల్లలకు డ్రాగన్ అనగా నేమో తెలియును. దానికి రెక్కలుండును. అది నిప్పులు గ్రక్కును. కొండగుహలో బంగారు రాశిపై పండుకొని యుండును. తుదకొక వీరుడు గుర్రమునెక్కి వచ్చి దానిని బల్లెముతో పొడిచి చంపును. చైనా వారి డ్రాగన్ మరియొక తీరుది. అది మబ్బుల నడుమ మెలికలు తిరుగుచు వానలు కురిపించును. చక్రవర్తుల వస్త్రములపై ఐదు గోళ్ళ పాదములతో దర్శనమిచ్చును. పడమటివారికి డ్రాగన్ చంపదగినది. చైనా వారికి కొలువదగినది. మనకును ఇట్టిదేదైన కలదా యని పిల్లలడిగినచో పెద్దలమైన మనము ఏమని సమాధానము చెప్పవలెను?

కలదు, ఒకటి కాదు, అనేకములు కలవు. మన ఊహాలోకములో ఆ స్థానము నాగులది. అయితే మన పూర్వులు నాగులనందరిని ఒక్క గాటకు కట్టలేదు. చంపదగినవారని గాని, కొలువదగినవారని గాని ఒక్క మాటలో తేల్చివేయలేదు. ఒక్కొక్క నాగునకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క నివాసము, ఒక్కొక్క స్వభావము కల్పించిరి. ఆ నాగుల తీరులను కొంత పరిచయము చేసి, ఆ తారతమ్య జ్ఞానము తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పొలములలో నేటికిని ఎట్లు పనికివచ్చునో శ్రోతలకు మనవి చేయదలచితిమి.

పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయభట్టు తెనిగించిన భారతమున ఆదిపర్వపు తొలి భాగమంతయు నాగుల కథలతో నిండియున్నది. నాగులకు తండ్రి కశ్యప ప్రజాపతి, తల్లి కద్రువ. ఆమెకు వేయిమంది కుమారులు. ఆమె సవతియైన వినతతో పందెము వేసి, తెల్లని ఉచ్చైశ్రవమునకు తోక నల్లనిదని చూపుటకై, పోయి ఆ తోకను పట్టి వ్రేలాడుడని కొడుకులను ఆజ్ఞాపించినది. అన్యాయమునకు ఒడబడమని నిరాకరించిన వారిని, జనమేజయుని సర్పయాగమున పడి చత్తురు గాక యని కన్నతల్లియే శపించినది. ఒక్క తల్లి బిడ్డలలోనే ధర్మము నెరిగినవారు, భయపడి లోబడినవారు అను భేదము ఈ విధముగా కథారంభముననే ఏర్పడినది.

వారిలో పెద్దవాడు శేషుడు. తమ్ముల క్రౌర్యమును చూచి రోసి, వారితో పొత్తు వలదని విడిచి, ఘోరమైన తపస్సు చేసెను. బ్రహ్మ ప్రత్యక్షమై వరము కోరుకొమ్మనగా, తన బుద్ధి ధర్మమునందు నిలిచియుండవలెనని మాత్రమే కోరెను. అంతట బ్రహ్మ అతనికి భూమిని మోయు పనిని అప్పగించెను. విష్ణువునకు పాన్పైనది ఈ శేషుడే. బలము కలిగియు ఆ బలమును భారము మోయుటకే వినియోగించుట ఇతని గుణము. నేటికిని ఇంటి బరువంతయు మోయు పెద్దకొడుకును చూచి ఆదిశేషుడని మెచ్చుకొనుట మనలో కలదు.

రెండవవాడు వాసుకి. పాలసముద్రమును చిలుకునాడు మందర పర్వతమునకు కవ్వపు త్రాడై, ఇటు దేవతలును అటు దానవులును గుంజుచుండ ఓర్చినవాడితడే. వాసుకి నాగులకు రాజు. తల్లి శాపము తన జాతినంతను కాల్చివేయునను చింత అతనిని ఎన్నడును విడువలేదు. అందువలననే తన చెల్లెలిని జరత్కారు మహామునికిచ్చి వివాహము చేసెను. వారికి పుట్టిన కుమారుడే ఆస్తీకుడు. తన కులమును కాపాడుకొనుటకై ముందు చూపుతో మెలగుట వాసుకి గుణము.

మూడవవాడు తక్షకుడు. ఇంద్రునకు మిత్రుడు, ఖాండవవనమున నివసించినవాడు, మారువేషములలో ఆరితేరినవాడు. ఉదంకుడు గురుపత్ని కొరకు తెచ్చుచున్న కుండలములను అపహరించి పాతాళమునకు పారిపోయెను. పరీక్షిన్మహారాజు శాపభయమున ఒంటిస్తంభపు మేడలో దాగియుండగా, పండులో పురుగై ప్రవేశించి కాటు వేసెను. ఈ కథలో ఒక చిన్న ఘట్టము కలదు. విషవైద్యమున నేర్పరియైన కశ్యపుడను విప్రుడు రాజును బ్రతికింపవలెనని బయలుదేరెను. తక్షకుడు దారిలో అతనిని ఆపి, అతని విద్యను పరీక్షింపగోరి, ఒక మర్రిచెట్టును కరచి బూడిద చేసెను. కశ్యపుడు ఆ బూడిద నుండి చెట్టును మరల చిగురింపజేసెను. అప్పుడు తక్షకుడు అతనికి విస్తారముగా ధనమిచ్చి వెనుకకు పంపివేసెను. రాజు చావునకు కాటు ఎంత కారణమో, వైద్యుడు సకాలమున చేరకుండుట కూడ అంత కారణము. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొన ప్రార్థన. దీనితో మరల పని పడును.

కర్కోటకుని తీరు వీరందరికంటె విచిత్రమైనది. కార్చిచ్చులో చిక్కుకొన్న అతనిని నలమహారాజు ఎత్తుకొని వచ్చి కాపాడెను. కాపాడిన చేతినే కర్కోటకుడు కరచెను. నలుని సుందరరూపము పోయి కురూపియైన బాహుకుడాయెను. కృతఘ్నతవలె కనిపించును గాని, ఆ విషము నలుని బాధింపలేదు. అతని శరీరములో దాగియున్న కలిపురుషుని దహించెను. రూపము మారుటచే నలుడు శత్రువులకు చిక్కక బ్రతికెను. విషమే మందగుట యను భావము ఈ కథలో ఇమిడియున్నది.

కాళియుని కథ పోతన భాగవతము ద్వారా ప్రతి తెలుగింటికి తెలిసినదే. యమునానది మడుగును విషమయము చేసిన అతని పడగలపై శ్రీకృష్ణుడు నాట్యమాడెను. కాని చంపలేదు. గరుడుని భయముచే అతడు ఆ మడుగున చేరియుండెనని గ్రహించి, అభయమిచ్చి, సముద్రములోని రమణకద్వీపమునకు మరలిపొమ్మనెను. ఒకచోట ఉండుట వలన అపకారియైనవాడు మరియొకచోట ఉన్నచో అపకారి కాడని అందలి తీర్పు. ఇక నాగకన్యయైన ఉలూచి అర్జునుని వలచి వరించినది. భారతాంతమున, బభ్రువాహనుని చేత పడిపోయిన అతనిని నాగమణితో బ్రతికించినదియు ఆమెయే.

పడమటి డ్రాగన్ వలె ధనమునకు కాపలా కాయు పాములును మన జానపద కథలలో లేకపోలేదు. పాతర వేసిన లంకెబిందెల మీద పాము చుట్టుకొని యుండునని వినని పల్లె లేదు. అయితే బౌద్ధుల గాథలలో నాగులు కాపాడునది బంగారము కాదు. రామగ్రామమున బుద్ధుని ధాతువులపై నిర్మించిన స్తూపమును నాగులు కాపాడిరని వారు చెప్పుకొందురు. పలు పడగల నాగులు స్తూపమును చుట్టుకొని యున్న దృశ్యము అమరావతి శిల్పములలో కలదు. ఆ పలకలు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియంలోను, కొన్ని లండను నగరపు బ్రిటిష్ మ్యూజియంలోను భద్రపరుపబడియున్నవి. ఏడుదినములు ఎడతెరపి లేక వాన కురియగా బుద్ధునిపై పడగ పట్టిన ముచిలిందుడను నాగరాజు గాథయు ప్రసిద్ధమే. రేపల్లెకు చేరువనున్న భట్టిప్రోలున 1892వ సంవత్సరమున అలెగ్జాండర్ రీ జరిపిన త్రవ్వకములలో ధాతుకరండములు బయల్పడినవి. అట్టి ధాతువులకు నాగులు కావలియుందురని నమ్మిన కాలమున ఈ కృష్ణాతీరము బౌద్ధులకు నెలవై యుండెను.

తెనాలివారికి ఊహాలోకపు జంతువులు క్రొత్తవి కావు. 1947వ సంవత్సరము జూలై నెలలో బి. నాగిరెడ్డిగారితో కలిసి మద్రాసులో చందమామను ప్రారంభించిన చక్రపాణిగారు తెనాలి వారు. 1952 నుండి 1980లో కీర్తిశేషులగువరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు 1909లో తెనాలిలోనే జన్మించిరి. తోకచుక్క, మకరదేవత వంటి దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలును, వానికి 'చిత్రా' వేసిన బొమ్మలును చూచి భయపడి, మరుసటి నెల సంచిక కొరకు కన్నులు కాయలు కాయునట్లు ఎదురుచూచిన పిల్లలు నేడు తాతలైరి. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. ఆ భయము, ఆ ఆనందము మాత్రము వారికి మిగిలియున్నవి.

ఇన్ని తీరుల నాగులను కల్పించిన ఆదిపర్వముననే, ఈ భేదమెరుగని వానికి కలిగిన బుద్ధి యెట్టిదో చెప్పు కథ యొకటి కలదు. రురుడను మునికుమారుడు ప్రమద్వరను వివాహమాడనుండగా ఆమె పాము కరచి మరణించెను. తన ఆయువులో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొనెను. కాని పాములపై పగ మాత్రము చల్లారలేదు. కర్ర చేతబట్టి, కనబడిన పామునెల్ల కొట్టి చంపుచు తిరిగెను. ఒకనాడు ఒక డుండుభమును కొట్టబోగా అది మనుష్యవాక్కుతో పలికెను. డుండుభము విషము లేని పాము. పేరునకు మాత్రమే మేము పాములము. కరచిన జాతి వేరు, మా జాతి వేరు. వారి తప్పునకు మమ్ములను చంపుట న్యాయమా యని దాని ప్రశ్న. అది నిజమునకు శాపవశమున పామైయున్న సహస్రపాదుడను ఋషి. ఆ ప్రశ్నతో రురుని చేతి కర్ర నిలిచిపోయినది.

డుండుభము వేసిన ఆ ప్రశ్నను మన డెల్టా పొలములలో నేడు అడుగువారు కావలెను. బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపట్ల కాలువగట్ల మీదను, వరికుప్పల క్రిందను, చేలగట్ల బొరియలలోను పాములుండుట సహజము. నీరు, కప్ప, ఎలుక ఉన్నచోట పాము ఉండక తప్పదు. కాని పాము అని కేక వినబడగానే కర్ర వెదకుటయే తప్ప, ఏ పాము అని అడుగువారు తక్కువ. జెర్రిపోతునకు విషము లేదు. ఎలుకలను తిని ధాన్యమును కాపాడును. ఎలుక వరిపైరునకు ఎంతటి శత్రువో 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివినవారికి చెప్పనక్కరలేదు. నీరుకట్టె కప్పలను, చేపలను తిని కాలువలో బ్రతుకును. దానికిని విషము లేదు. చెట్లకొమ్మలలో ఆకులలో ఆకై యుండు పసిరిక పాము మనుష్యునకు ప్రాణాపాయము చేయునది కాదు. పొడవుగా ఉన్నవని, వేగముగా పోవునవని, ఇంటిముందు కనబడినవని వీనిని ప్రతిదినము చంపుచున్నాము. ఇవి మన కాలపు డుండుభములు.

మన దేశములో మూడు వందలకు పైగా పాము జాతులున్నవి. మరణములు ఎక్కువగా నాలుగింటి వలన కలుగుచున్నవి: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. వీని గుణములును ఒక్క తీరుగా ఉండవు. నాగుపాము పడగ విప్పి బుసకొట్టి ముందుగా హెచ్చరించును; దాని విషము నరములను పట్టును, కనురెప్పలు వాలిపోవును. కట్లపాము రాత్రివేళ సంచరించును. నేలమీద నిద్రించువారిని కరచినను నొప్పి అంతగా తెలియదు. తెల్లవారుసరికి ఊపిరి అందదు. తక్షకుని వలె వేషము మార్చి వచ్చినదా యనిపించును. రక్తపింజర లావుగా, మందముగా, గొలుసు మచ్చలతో ఎండుగడ్డిలో కలిసిపోయి పడియుండును. దాని విషము రక్తమును పాడుచేయును, మూత్రపిండములకు ముప్పు తెచ్చును. చిన్నపింజర మూరెడైన లేకున్నను దాని విషమును రక్తమునే పట్టును.

ఈ భేదములను మన పల్లెవారు ఎరుగకపోలేదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో వర్ణచిత్రములతో గొప్ప గ్రంథమును ప్రకటించెను. ప్రజలు చెప్పిన తెలుగు పేర్లనే ఆయన ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. నేడు ఇంగ్లీషులో ఆయన పేరిట వ్యవహరింపబడు రక్తపింజరకు ఆయన వ్రాసిన పేరు కాటుక రేకుల పొడ. కట్లపాముల కుటుంబమునకు శాస్త్రజ్ఞులు ప్రపంచమంతట వాడు బంగారస్ అను పేరు మన బంగారు పామను మాట నుండి పుట్టినదే. పాముల జాతులను పేరు పెట్టి పిలుచు నేర్పు మన పొలములలో ఉండినది. కాని తాత ఎరిగిన పేర్లను నేడు మనుమడు ఎరుగడు.

ఇప్పుడు కశ్యపుని కథకు మరల వచ్చుదము. మన దేశమున 2000 నుండి 2019 వరకు పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58 వేలమంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన లెక్క కట్టినది. మరణములు ఎక్కువగా ఉన్న రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశము నొకటిగా అది పేర్కొన్నది. సగము మరణములు జూన్ నుండి సెప్టెంబరు లోపలనే, అనగా దుక్కులు, ఊడ్పుల రోజులలోనే కలుగుచున్నవి. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెన, 2009 అక్టోబరులోను 2024 సెప్టెంబరులోను వచ్చిన కృష్ణ వరదల వంటి విపత్తులలో లంకగ్రామములవారితో పాటు పాములును మెరకను వెదకికొని ఇండ్లలో చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యము చేయబడిన వ్యాధుల పట్టికలో చేర్చినది. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని భారత ప్రభుత్వము 2024 మార్చిలో ఒక ప్రణాళికను ప్రకటించినది.

ఈ మరణములలో అనేకము తప్పించుకొనదగినవి. పై నాలుగు పాముల విషమునకు పనిచేయు విరుగుడు మందు కలదు. పాముల నుండి తీసిన విషమును కొద్దికొద్దిగా గుర్రములకు ఎక్కించి, వాని రక్తములో పుట్టిన ప్రతిపదార్థముతో ఆ మందును తయారుచేయుదురు. 1978లో మద్రాసు సమీపమున ఏర్పడిన ఇరుళవారి సహకార సంఘము పాములను చంపక, పట్టి, విషము తీసి, మరల అడవిలో విడిచి ఈ పనికి తోడ్పడుచున్నది. కర్కోటకుని విషము నలుని కాపాడినట్లే, పాము విషమే నేడు మనలను కాపాడుచున్నది.

కాని మందు ఆసుపత్రిలో ఉన్నను రోగి అక్కడికి చేరకున్నచో ప్రయోజనమేమి? ఆనాడు తక్షకుడు ధనమిచ్చి వైద్యుని మరలించెను. నేడు మంత్రము, పసరు, నల్లరాయి, రేపు చూతములెమ్మను ఉదాసీనత అను నాలుగును కూడి రోగినే దారిలో నిలుపుచున్నవి. కాటుపడిన చోట కోయరాదు, నోటితో పీల్చరాదు, గట్టిగా త్రాడు బిగింపరాదు. ఉంగరములు, గాజులు తీసివేయవలెను. ఎముక విరిగినప్పటివలె ఆ కాలికిగాని చేతికిగాని కర్రముక్క కట్టి కదలకుండ ఉంచి, రోగికి ధైర్యము చెప్పి, 108కి కబురుచేసి వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. పామును చంపి తెచ్చుటకై కాలము గడపనక్కరలేదు. రాత్రిపూట చేతిలో దీపము, కాలికి చెప్పు, మంచముపై దోమతెర చాలవరకు రక్షణ నిచ్చును.

కార్తీక శుద్ధ చవితినాడు ఈ ప్రాంతపు స్త్రీలు తడిబట్టలతో పుట్టకు పోయి, చలిమిడి, చిమ్మిలి నివేదించి, పాలు పోసి, పుట్టమన్ను పిల్లల చెవులకు అంటింతురు. రేపల్లె నుండి పెనుమూడి వారధి దాటి, సుబ్రహ్మణ్యేశ్వరుని సర్పరూపమున కొలుచు మోపిదేవికి పోవు కుటుంబములు లెక్కకు మిక్కిలి. పాము పాలు త్రాగదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అయినను ఆ పాలు పోయుటలో ఒక ఒడంబడిక కలదు. చీకటిలో తెలియక తొక్కినచో పగ పట్టవలదని ఆ తల్లులు వేడుకొందురు. వేడుకొనువారికిని ఒక విధి కలదు కదా! చవితినాడు పుట్టకు మ్రొక్కి, పంచమినాడు పెరటిలో జెర్రిపోతును చంపుట ఆ ఒడంబడికకు సరిపడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారమును పామును చంపుట నేరమే.

సర్పయాగము ఎట్లు ముగిసెనో శ్రోతలకు తెలియును. తండ్రిని చంపిన తక్షకునిపై కోపముతో జనమేజయుడు సర్పజాతినంతను అగ్నికి ఆహుతి చేయబూనెను. తప్పుచేసినవాడొక్కడు, మంటలో పడినవారు వేలు. ఋషికి కుమారుడును, నాగులకు మేనల్లుడును అయిన ఆస్తీకుడు వచ్చి ఆ యాగమును మాన్పించెను. రెండు పక్షములును తనవియే అయినవాడు కనుక ఆ పని అతనికి సాధ్యమైనది. పంట పండించుకొనుచు, ఆ పంటను కాపాడు పాముల నడుమనే కాపురముండు మన డెల్టావాసులకును రెండు పక్షములు తమవియే. మన పిల్లలు మనకు డ్రాగన్లు లేవా యని అడిగినప్పుడు శేషుని కథ చెప్పుదము, తక్షకుని కథ చెప్పుదము. చెప్పిన పిమ్మట వారిని పొలము గట్టునకు తీసికొనిపోయి, దూరము నుండియే, ఇది జెర్రిపోతు, అది కట్లపాము అని కూడ చూపుదము.